ఆరుంపావు బస్సు

జిల్లాలో బస్సులు ఎలా పెంచాలో జనాన్నే అడుగుదామని రవాణా ఆఫీసువాళ్ళు సభ పెట్టారు. సభ జరిగే హాలుకి బస్సు లేదు.

అందుకే ఆమె ముప్పావుగంట ఆలస్యంగా, వానలో తడిసి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వచ్చింది. అప్పటికి వేదిక మీద ప్లానింగ్ ఆఫీసరు గోడమీది మ్యాపుకి లేజర్ లైటు కొడుతున్నాడు. కుర్రాడే. ఇస్త్రీ మాత్రం రిటైరయ్యేవాడి ఇస్త్రీ. ఎర్రచుక్క ఊరి చివర కొండ కాలనీ మీద ఆగింది.

"ఇక్కడ తెల్లవారుజాము బస్సుకి డిమాండ్ లేదండీ. మూడు రోజులు మనిషిని పెట్టి చూశాం. ఆరు నుంచి ఏడింటి దాకా స్టాపులో ఒక్కరూ నిలబడలేదు."

"మా మొదటి బస్సు ఏడూ నలభైకి," అంది ఆమె వెనకనుంచే. "రాని బస్సు కోసం ఆరింటికే వచ్చి నిలబడటానికి మాకేమన్నా పిచ్చా?"

హాలంతా నవ్వింది.

"మేడమ్, డేటా ప్రకారం..."

"పొయ్యి వెలగని ఇంటికెళ్ళి, ఎవరూ కంచం ముందు కూర్చోలేదు కాబట్టి ఇక్కడ ఎవరికీ ఆకల్లేదని రాసుకుంటారా? నేను ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తాను. ఏడింటికి డ్యూటీ. గంట నడిచి మెయిన్ రోడ్డులో బస్సెక్కినా వారానికి రెండుసార్లు లేటు. ఆర్నెల్లు గడువిచ్చారు. తర్వాత కూడా లేటైతే మానేయమన్నారు. మీ మ్యాపులో నేనెక్కడున్నానో కాస్త ఆ లైటు వేసి చూపించండి."

లైటు ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయిందని అతను తర్వాత చెప్పాడు గానీ, ఆమె నమ్మలేదు.

మర్నాడు పొద్దున్నే కారులో కాలనీకొచ్చాడు.

"కారు ఇక్కడ పెట్టి నాతో నడవండి మ్యాపుగారూ."

"ఎంత దూరం?"

"మీ మ్యాపులో అరంగుళం."

అరంగుళం నడిచేసరికి అతని బూట్లలో చెరువులు వెలిశాయి. రెండు కుక్కలు వెంటపడ్డాయి. వాన పెద్దదయ్యాక ఆమె గొడుగు కొద్దిగా అటు జరిపింది.

"జాలిపడ్డారా?"

"మీరు జ్వరంతో పడుకుంటే రిపోర్టు ఎవరు మారుస్తారు?"

రిపోర్టు మారింది. నిధులు మారలేదు. వచ్చినవి షెల్టర్లు కట్టడానికట. డీజిలుకీ డ్రైవరు జీతానికీ వాడకూడదట. అంచేత కొండ కాలనీకి ముందు అద్దాల షెల్టరొచ్చింది. దానికో స్క్రీను కూడా. పొద్దున ఆరింటికి చూస్తే, బస్సు రావడానికి ఇంకా వంద నిమిషాలని వెలుగుతోంది.

"బాగుందండీ," అంది ఆమె అతనితో. "ఇదివరకు బస్సు లేదని మాకే తెలిసేది. ఇప్పుడు కరెంటు పెట్టి మరీ చెబుతున్నారు."

ఆ మాట గట్టిగానే తగిలినట్టుంది. ఆస్పత్రి మేనేజరు దగ్గరికి నాలుగుసార్లు తిరిగాడు. ఉతికిన దుప్పట్లు వేళకి అందక ఆపరేషన్లు ఆలస్యమవుతున్నాయని ఆయన చేతే ఒప్పించాడు. డ్రైవరు జీతం ఆస్పత్రిది, డీజిలు ఆఫీసు సొంత ఖర్చుల్లోంచి. ఆరుంపావుకి బస్సు, మూడు నెలల ట్రయలు. చివరి నెలలో రోజూ పన్నెండుమంది టిక్కెట్టు కొనాలి. ఒక్కరు తగ్గినా రద్దు.

మొదటి రోజు నుంచీ అతను అదే బస్సులో తిరిగాడు.

"మీది స్టాఫ్ పాసు సార్. పన్నెండులో వేయకూడదు," అన్నాడు డ్రైవరు.

"మరి రోజూ ఎందుకెక్కుతున్నారు?" అంది ఆమె.

"తనిఖీకి."

"రోడ్డు చూడరు, ప్యాసింజర్లని చూడరు. ఏమిటా తనిఖీ?"

"ఒక్క ప్యాసింజర్నే చూస్తున్నానండీ. రెండు నెలలైంది. రిపోర్టు ఎవరికివ్వాలో తెలియట్లేదు."

ఆమె కిటికీ వైపు తిరిగి, తిట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికింది. దొరకలేదు.

చివరి నెల మొదలైన రోజు పదకొండుమందే ఎక్కారు. డ్రైవరు టైము చూసుకున్నాడు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు చివరిదాకా చూసింది. అప్పుడు వాళ్ళమ్మ సంచీ ఊపుకుంటూ వచ్చి బస్సెక్కింది.

"ఒక టిక్కెట్టివ్వు నాయనా."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికీ లేదు. ఆస్పత్రి దాకా పోయి ఇదే బస్సులో వెనక్కొస్తా. ఈ నెలంతా నాకిదే పని." తర్వాత కూతురి వైపు చూసింది. "నువ్వు లేచి ముందు సీట్లోకి పోవే."

కూతురు లేచిన చోట, ఆఫీసరు పక్కన, స్థిమితంగా సర్దుక్కూర్చుంది.

"బస్సు సంగతి నేను చూసుకుంటాగానీ బాబూ, మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మా!"

"నువ్వూరుకో. ఇంకా అరగంట దారుంది. మీ నాన్నగారేం చేస్తారు బాబూ?"

సభల్లో గంటలకొద్దీ మాట్లాడే మనిషికి వాళ్ళ నాన్న ఏం చేస్తారో ఓ పట్టాన గుర్తుకు రాలేదు. జవాబు వినాలని డ్రైవరు బస్సు నెమ్మది చేశాడు.

"అన్నా, బండి పోనియ్! ఏడింటికి నాకు డ్యూటీ!" అని ముందు సీట్లోంచి ఆమె అరిచింది. వెనక్కి మాత్రం తిరగలేదు. తిరిగితే నవ్వుతున్నట్టు తెలిసిపోతుంది.