నిర్ధారణ కాని వార్త

ప్రయోగశాలలో పిండం కట్టలేదని తెలియగానే ఆ ఆడదాని వయసెంతని ఇంటిల్లిపాదీ లెక్క వేస్తారు. ఆమె అండాలు గాజుపళ్ళెంలో ఎంతసేపు ఎదురుచూశాయని మాత్రం ఎందుకు అడగరు? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ బదులు చెప్పలేదు. అడగవలసి వచ్చిన ఒక లిఫ్ట్ మెకానిక్ ఉన్నాడు. ఈ కథ అతనిది.

అతనికి ఆమె మొదట పరిచయమైంది గొంతుగా. రేడియో కార్యాలయంలో లిఫ్ట్ రెండు అంతస్తుల నడుమ ఆగిపోయింది. కబురందుకున్న మెకానిక్ తాపీగా వచ్చి, మూసి ఉన్న తలుపు మీద తట్టాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా అండీ?"

"ఉండేవాళ్ళు. మీ కోసం చూసి చూసి ముసలివాళ్ళైపోయారు."

"కంగారు పడకండి."

"కంగారు నాకెందుకు? కాసేపట్లో వార్తలు చదవాల్సింది నేను. నేను చదవకపోతే ఈ పూట ప్రపంచంలో ఏమీ జరగనట్టే."

అతను పనిముట్ల సంచి కింద పెట్టేశాడు. "పొద్దున్నే మా ఇంట్లో మోగే గొంతు మీదేనా?"

"మోగడానికి నేనేమైనా గంటనా? తలుపు తీస్తారా, లేక ఆటోగ్రాఫ్ కోసం వచ్చారా?"

"ముందు తలుపు. ఆ తర్వాత ఆటోగ్రాఫ్."

తలుపు సందులోంచి ముందుగా ఆమె కళ్ళు కనిపించాయి. కోపంగా ఉందామని ఎంత ప్రయత్నించినా ఆ కళ్ళకు సాధ్యపడలేదు. "మీ పేరేమిటి?" అని అడిగి, అతను నోరు తెరిచేలోగా తనే పెట్టేసింది. "చెప్పక్కర్లేదు లెండి. ఆలస్యం గారు."

ఆ పేరు అతన్ని వదల్లేదు. వాన కురిసిన సాయంత్రాల్లో బస్టాపులో సగం తడిసి నిలబడి, "ఆలస్యం గారు విచ్చేశారండీ, లేచి నిలబడండి!" అని పక్కవాళ్ళకు చెప్పేది. అతను పెళ్లి మాట ఎత్తిన రోజున, "ఈ ఒక్క వాక్యానికి ఇన్ని నెలలా? మీ చేత వార్తలు చదివిస్తే రాత్రి వార్తలు మర్నాడు పొద్దుటికి అయ్యేవి," అంది. సరదాగా ఉన్నంతసేపూ ఆమెకు అతను 'మీరు', 'గారు'. మనసులో మాట చెప్పవలసి వస్తే 'నువ్వు'. ఆ తేడా అతనికి ఎప్పుడూ తెలిసేది.

పెళ్లినాటికి ఆమె ముప్పైల మధ్యకు వచ్చేసింది. పిల్లలు కలగలేదు. స్కాన్లు, రక్తపరీక్షలు, పొట్ట మీద సూదిమందులు మొదలయ్యాయి. ఆ సూదులు అతనే వేసేవాడు. వేసే ముందు ప్రతిసారీ సూదిని వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ కింద పెట్టేసేవాడు. "నా పొట్ట లిఫ్ట్ కాదు, ఆలస్యం గారూ. భయపడకుండా పొడవండి," అని ఆమె నవ్వించేది. నొప్పి ఆమెదైతే ఓదార్పు అతనికి అందేది. ఆ వింత ఆ ఇంట్లో ఎవరి కంటా పడలేదు.

అండాలు తీసే రోజు వచ్చింది. క్లినిక్‌లో ఆమెకు మత్తు ఇచ్చి లోపలికి తీసుకువెళ్లారు. అతను చేయవలసిన పని ఒక్కటే. వీర్యం నమూనా కోసం ఒక చిన్న డబ్బా చేతికిచ్చి, నడవ చివరి గది చూపించారు. ఆ గది తలుపుకు గడియ పడదు. గడియ నాలుక చట్రంలోని గాడిలోకి దిగకుండానే ఆగిపోతోంది. బతుకంతా తలుపులు తెరిపించి, మూయించిన మనిషి ఆ గడియ వైపు చూస్తూ నిలబడిపోయాడు. బయట అడుగుల చప్పుడు. ఎవరో పిడి తిప్పారు. "ఇంకా అవలేదా అండీ? వేరేవాళ్ళు కూడా వెయిటింగు."

అతని వల్ల కాలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ లోపలికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. చివరికి డబ్బా అందించేసరికి ఉదయం మధ్యాహ్నంలోకి ఒరిగిపోయింది. కౌంటరులో అమ్మాయి ఎందుకింత లేటని అడిగితే, ఇంటికి వెళ్ళి తెచ్చేసరికి ట్రాఫిక్ అని చెప్పాడు. ముందు ఒకరోజు వచ్చి నమూనా ఇచ్చి, దాన్ని గడ్డకట్టించి దాచుకోవచ్చునని, అది మామూలు ఏర్పాటేనని అతనికి ఎవరూ చెప్పలేదు. మగవాడికి ఇబ్బంది కలుగుతుందన్న ఊహే ఆ భవనంలో ఎవరికీ వచ్చినట్టు లేదు. ఆడదాని ఇబ్బందిని మాత్రం ఇంజక్షన్లుగా విడగొట్టి ముందే ఆమె చేతిలో పెట్టారు.

ఒక్క అండం కూడా ఫలదీకరణ చెందలేదు. "ఈ వయసులో మామూలే," అన్నాడు డాక్టరు, కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ వారమే భోజనాల బల్ల దగ్గర అతని తల్లి అంది, "పెళ్లే లేటు. మనింటికి రావడమే లేటు. ఇక లోపలివి మాత్రం వేళకి పనిచేస్తాయా?"

భార్య అతని వైపు చూసింది. అతను కంచంలోకి చూశాడు. లేటన్న ఆ మాట ఎవరికి చెందాలో ఆ బల్ల దగ్గర అతనొక్కడికే తెలుసు. తెలిసి కూడా దాన్ని ఆమె మీదే ఉండనిచ్చాడు. ఆమె చెయ్యి కడుక్కుని, బట్టలు సర్దుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఒకే మాట అంది: "నువ్వు రాకు."

గారు లేదు. మీరు లేదు.

రేడియోలో ఆమె గొంతు మాత్రం రోజూ వచ్చేది. వరదలు, ఎన్నికలు, ధరలు, ఏది చదివినా చెక్కుచెదరని అదే గొంతు. కొన్నాళ్ళు విన్నాక అతను సంచి భుజాన వేసుకుని ఆ క్లినిక్‌కు వెళ్ళి, ల్యాబ్ చూసే పెద్దావిడ ముందు కూర్చున్నాడు.

"అండం బయటికి తీశాక ఎంతసేపట్లో కలపాలి, మేడమ్?"

"కొన్ని గంటల్లో. ఆ లోపల కాస్త అటూ ఇటూ అయితే తేడా లేదని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. మరీ ఆలస్యమైతే అండం ముదిరి అవకాశం తగ్గవచ్చని మరికొన్ని చెప్పాయి."

"మరి మాది?"

"హద్దు దాకా వచ్చింది. దాటిందా అంటే, ఆ హద్దు సరిగ్గా ఎక్కడుందో ఇంకా ఎవరూ తేల్చలేదు."

"అంటే నా వల్లే పోయిందా?"

"చెప్పలేను."

"పోనీ, నా వల్ల కాదా?"

"అదీ చెప్పలేను. ఆవిడ వయసు వల్లేనా అని అడిగినా ఇదే జవాబు. మీరు శిక్ష కోసం వచ్చారో, క్షమాపణ కోసం వచ్చారో నాకు తెలీదు బాబూ. నా దగ్గర రెండూ లేవు."

అతను లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఆ చివరి గదికి గడియ పడదు, మేడమ్."

"మాకెవరూ చెప్పలేదే!"

"ఎవరు చెప్తారు?"

నడవ చివరికి వెళ్ళి సంచి విప్పాడు. గాడి అరగదీశాడు, మరలు బిగించాడు. తలుపు మూశాడు. గడియ టక్కున పడింది. మరోసారి మూసి చూసుకుని, అక్కడి నుంచి నేరుగా ఆమె అక్క ఇంటికి వెళ్ళాడు.

"రావద్దంది కదయ్యా," అంది వదిన, అడ్డం నిలబడి.

"అందుకే ఇన్నాళ్ళు రాలేదు, వదినా."

"ఇందులోనూ ఆలస్యమేనన్నమాట." వదిన పక్కకు తప్పుకుని లోపలి గది వైపు గడ్డం చూపించింది. "తలుపులు తెరవడం నీ పనే కదా. తెరుచుకో."

తలుపు మూసే ఉంది. మెల్లగా తట్టాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా అండీ?"

లోపల మంచం కిర్రుమంది. నవ్వు మాత్రం రాలేదు. అతను గుమ్మం ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఆ రోజు లేటయింది నేను. ట్రాఫిక్ కాదు. ఆ గదికి గడియ పడలేదు. నాకు... సిగ్గేసింది. మెట్ల మీద కూర్చుండిపోయాను."

"తెలుసు."

"తెలుసా?"

"గడియ సంగతి తెలీదు. నువ్వు లేటని తెలుసు. మత్తు వదులుతుంటే ల్యాబ్ మేడమ్ గొంతు వినిపించింది, 'శాంపిల్ ఇంకా రాలేదా' అని."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"ఎందుకంటాను? నీ లేటు వల్లే పోయిందని నాకెవరు చెప్పారు? నిర్ధారణ కాని వార్త నేను చదవను." ఆ గొంతు తలుపు దగ్గరకు వచ్చింది. "మీ డాక్టరు చదివాడు. మీ అమ్మ చదివారు. నువ్వు కూర్చుని విన్నావు. రేడియో కట్టేయొచ్చని తోచలేదు నీకు."

అతను జేబులోంచి ఫోను తీసి, తల్లికి కలిపి, ఆమెకు వినపడేలా స్పీకరు పెట్టాడు.

"అమ్మా, ఆ రోజు లేటుగా వెళ్ళింది నేను. తను వేళకే ఉంది."

"అయితే నీ వల్లే పోయిందంటావా?"

"తెలీదమ్మా. నా వల్లో, తన వయసు వల్లో, దేని వల్లో ఎవరికీ తెలీదు. ల్యాబ్‌లోనే తెలీదన్నారు. తెలీనప్పుడు తన మీద వెయ్యకూడదు. నేను వెయ్యనిచ్చాను. ఇక వెయ్యనివ్వను."

"తెలీకపోతే ఎలాగరా?"

"తెలీదనే ఉండాలమ్మా."

తల్లి గొంతు కాస్త తగ్గింది. "అమ్మాయి పక్కనే ఉందా? ... ఉంటే, ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందని చెప్పు."

"విన్నాను, అత్తయ్యా," అంది ఆమె లోపలి నుంచి.

తలుపు సందులోంచి మొదట కళ్ళు కనిపించాయి. తడిగా ఉన్నాయి. కోపం పూర్తిగా పోలేదు. పోవాలని అతను అడగలేదు.

"మళ్ళీ ప్రయత్నిద్దామా?" అన్నాడు.

"నాకింకా తెలీదు."

"సరే. తెలిసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

ఆమె కూడా నేల మీద, గుమ్మానికి ఇవతల, అతని పక్కనే కూర్చుంది. "కాస్త జరగండి, ఆలస్యం గారూ."

ఇది చదువుతున్న మీరు ఈ పూటో రేపో ఏదో ఒక భోజనాల బల్ల దగ్గర కూర్చుంటారు. అక్కడ ఎవరో ఒకరు ఒక ఆడదాన్ని లేటంటారు. అప్పుడు కంచంలోంచి తల ఎత్తండి. అండాలు ఎంతసేపు ఎదురుచూశాయని అడగండి. ఎవరికీ తెలియకపోతే తెలియదని చెప్పండి. ఆమె ఎదుటే, అందరికీ వినబడేలా చెప్పండి.