ముప్ఫై ఏడో నంబరు వాన కప్ప

కవరు చింపకుండా, రెండు వేళ్ళ మధ్య ఒక్కసారి నలిపి, లోపల మెరుపు కార్డు ఉందో లేదో చెప్పగలిగేవాణ్ణి ఒసాకా మొత్తం మీద నేనొక్కణ్ణే. వకయామా కొండల్లో తొమ్మిదో తరగతితో బడి మానేసి, దేవదారు దుంగ పచ్చిదో ఎండుదో తడిమి చెప్పిన వేళ్ళివి. నిప్పొంబాషిలో ఇరుకు మెట్లెక్కితే వచ్చే పైఅంతస్తులో ముప్ఫై ఏళ్ళుగా, జనం సరదాగా పోగేసుకునే బొమ్మల కార్డుల కొట్టు నడుపుతున్నాను. కాగితమంత మందం తేడా ఉన్నా సరే, నా వేళ్ళు కనిపెట్టేస్తాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక హిసనోరి సంగతి. స్టేషన్లలో టికెట్ గేట్లు బాగుచేస్తాడు. ఒక ఏప్రిల్ శనివారం నా కొట్లో కొత్త ప్యాకెట్ చింపాడు. పది కార్డుల్లో ఒకటి తళుక్కుమంది. దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టుకుని, మిగతా తొమ్మిదీ అందరిలాగే గుమ్మం పక్కనున్న వద్దనుకున్నవాటి డబ్బాలో పడేశాడు.

"వాటికి పేర్లు లేవా అండీ?" అంది వెనక నుంచి ఒక గొంతు.

చిజురు. పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసే పిల్ల. పలువరసలో గానీ ఆల్బమ్‌లో గానీ ఖాళీ కనిపిస్తే ఆమెకి అన్నం సయించదని నా నమ్మకం.

మామూలు కార్డులకి పేర్లెందుకని హిసనోరి నవ్వాడు. ఆ నవ్వే అతని కొంప ముంచింది. చిజురు తన ఆల్బమ్ తెచ్చి అతని ముందు తెరిచింది. 'వానకొండ' సెట్, ఇరవై ఏళ్ళ కిందటిది. మొత్తం వంద కార్డులు, ఒక్కోదానికీ ఒక నంబరు, నంబరుకో అర. వందోది బంగారు కొంగ. పెట్టెడు ప్యాకెట్లు చింపితే ఒక్కటి వచ్చేది. అది ఉంది. తొంభై తొమ్మిది అరలూ నిండి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ముప్ఫై ఏడు ఒక్కటే. వాన కప్ప. ప్యాకెట్‌కొకటి చొప్పున విసుగు పుట్టేలా వచ్చిన కార్డు అది.

కొంగ దొరికి కప్ప దొరక్కపోవడమేంటని హిసనోరి అడిగాడు.

"కొంగ వచ్చిన ప్రతివాడూ దాచుకున్నాడు. అందుకని కొంగలన్నీ బతికే ఉన్నాయి. కప్పల్ని టపటప చప్పుడు కోసం సైకిలు చక్రాలకి కట్టారు, ఊగే బల్లల కాళ్ళ కింద పెట్టారు, ఇదిగో, మీలాగే డబ్బాలో పారేశారు. ఇప్పుడు చెప్పండి, ఏది అరుదు?"

హిసనోరి చెవులు ఎర్రబడ్డాయి. డబ్బాలోంచి తొమ్మిదీ ఏరుకున్నాడు. వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చాడు, కప్పని వెతకడంలో సాయం చేస్తానని.

అలా ప్రతి శనివారం ఇద్దరూ నా పాత కార్డుల పెట్టెల్లో తలలు దూర్చేసేవాళ్ళు. నేను బార్లీ టీ పోసేవాణ్ణి. కింద అంగట్లోంచి వేడి వేడి తకోయాకి, అదే ఆక్టోపస్ బోండాలు, అతను తెచ్చేవాడు, కార్డుల మీద సాస్ పడుతుందని ఆమె తిట్టేది. గేట్లు బాగుచేసేవాడికి కప్పని పట్టడం చేతకాదా అని ఎగతాళి చేసేది. మీ గేటు తెరుచుకోవడం లేదు, నేనేం చేయను అని అతను గొణిగేవాడు. నేను వినలేదన్నట్టు ఉండేవాణ్ణి.

జూన్‌లో ముసురు పట్టింది. ఒక శనివారం హిసనోరి మూడేసి మెట్లు ఎక్కుతూ వచ్చి, గుమ్మంలోనే నాకు చొక్కా జేబు తెరిచి చూపించాడు. రెండు తొడుగుల్లో భద్రంగా వాన కప్ప. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నదట. గంతులేస్తూ లోపలికి అడుగు పెట్టబోయాడు. సరిగ్గా అప్పుడే చిజురు ఇంకెవరితోనో నవ్వుతూ చెబుతోంది, కప్ప దొరికిన మర్నాటి నుంచి ఈ దిక్కుమాలిన మెట్లు ఎక్కను గాక ఎక్కనని.

కప్ప మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. హిసనోరి నా వైపు చూసిన చూపుకి రాయి కూడా కరుగుతుంది. నేను నోరు కట్టేసుకున్నాను.

ముసురు వెళ్ళాక వచ్చే మా ఎండాకాలమంతా కప్ప ఆ జేబులోనే కాపురం చేసింది. ప్రతి వారం, దొరికిందా అండీ అని అడిగేవాడు. లేదని ఆమె నిట్టూర్చేది. అయ్యో అనేవాడు.

సెప్టెంబరులో చిజురు బాంబు పేల్చింది. నా అద్దాల బీరువాలో 'వానకొండ' ప్యాకెట్ ఒకటి చింపనిది మిగిలి ఉంది. దానికి బదులుగా బంగారు కొంగని ఇచ్చేస్తానంది. నా నోటి దురద చూడండి, ప్యాకెట్ తీసి నలిపి, కప్ప లోపలే ఉంది, నా వేళ్ళు అబద్ధం చెప్పవన్నాను.

మా కొట్లో మార్పిడికి ఒక పద్ధతుంది. ఎవరిది వాళ్ళు బల్ల మీద పెట్టాలి, దీపం కింద గీతలు చూసుకోవాలి, ఒకరికొకరు తల వంచాలి. వంచాక వెనక్కి తీసుకోవడం లేదు. బయట వాన కిటికీని బాదేస్తోంది. కొంగ బల్ల మీదికి వచ్చింది. ప్యాకెట్ వచ్చింది. నా మెడ వంగబోతోంది.

"ఆగండి తాతా," అన్నాడు హిసనోరి. చిజురు వైపు తిరిగాడు. "కొంగనిచ్చి కప్పని తెచ్చుకుంటే వందో అర ఖాళీ అవుతుంది. అప్పుడూ సెట్ పూర్తవదు కదండీ."

"అవదు. కొంగ కోసం ఇంకో అయిదేళ్ళు వెతుక్కుంటాను. మీకేంటి నొప్పి?"

అతను జేబులోంచి కప్పని తీసి కొంగ పక్కన పెట్టాడు.

"ఎప్పట్నుంచి ఉంది మీ దగ్గర?"

"జూన్ నుంచి."

"ఇవ్వలేదేం?"

"ఇస్తే మీరు మళ్ళీ రారు."

చిజురు ఆల్బమ్ దగ్గరికి లాక్కుని, ముప్ఫై ఆరో అరలో వేలు దూర్చి, అక్కడున్న కార్డు వెనక నుంచి ఇంకో కార్డు బయటికి లాగింది. వాన కప్ప.

"నాది మే నుంచి," అంది.

ఒక అరలో రెండు కార్డులు. ఆ ఆల్బమ్‌ని నేను ప్రతి శనివారం ఈ చేతులతోనే తిరగేశాను. నా వేళ్ళ గురించి మొదట్లో చెప్పిందంతా కొట్టేయండి. వాటికి తకోయాకి వేడి తప్ప ఇంకేమీ తెలియదు.

"దొరకలేదన్నప్పుడల్లా మీ మొహం వెలిగిపోయేది," అంది చిజురు. "నేను పళ్ళు తయారుచేసేదాన్ని. అయ్యో అంటూ అన్ని పళ్ళు బయటపెట్టేవాణ్ణి మిమ్మల్నే చూశాను. మీ నోరు తెరిపించడానికే ఈ రోజు కొంగని బల్ల మీద పెట్టాను."

హిసనోరి తన కప్పని ఆమె వైపు జరిపాడు. ఇప్పుడు వందా అయిపోయాయి కదా, ఇక రారా అని అడిగాడు.

"వందతో ఎక్కడ అయింది? నూట ఒకటి ఉంది. జాబితాలో ఉండదు. సెట్ పూర్తయిందని మురిసిపోయేవాళ్ళని ఏడిపించడానికి కంపెనీవాళ్ళు గుట్టుగా కలిపిన కార్డు. అది ఒక్కరి వల్ల దొరికేది కాదు." ఆమె కప్పలు రెండింటినీ పక్కపక్కన సర్దింది. "నువ్వు కూడా వెతుకుతావా?"

ఆర్నెల్ల నుంచి మీరుగా ఉన్నవాడు నువ్వు అయ్యేసరికి హిసనోరి తల వంచాడు. ఎంత వంచాడంటే నుదురు బల్లకి తగిలి నా టీ ఒలికిపోయింది. ఎదురుగా ఆమె కూడా వంచింది.

వంచాక వెనక్కి తీసుకోవడం లేదని ముందే చెప్పాను కదా. రెండేళ్ళ కిందట, చెర్రీ పూల రోజుల్లో వాళ్ళ పెళ్ళయింది. ముప్ఫై ఏడో అరలో ఇప్పుడు రెండు కప్పలూ కలిసే ఉంటున్నాయి. నూట ఒకటి కోసం ఇప్పటికీ ప్రతి శనివారం వస్తారు. అది మాత్రం వాళ్ళకి దొరకకూడదని నా మొక్కు.

అన్నట్టు, ఆ సెప్టెంబరు రోజు చిటపటలాడే ఎండ. ప్రేమ కథలో వాన పడకపోతే కుర్రకారు చదవరని కిటికీ మీద వాన నేనే కురిపించాను. కప్పలు మాత్రం రెండూ నిజం.