గోడమీది పిల్లకు తెల్లగుడ్డ

చలికాలంలో మా బిష్కెక్‌లో మధ్యాహ్నం దాటితే చాలు, బొగ్గు పొగ దిగి వీధి మసకబారిపోతుంది. ఆ రోజు మా పేటలో ఒక నాలుగంతస్తుల ఇంటి పక్కగోడకు నేను తెల్లరంగు వెయ్యాలి. గోడ నిండా ఒక పిల్ల బొమ్మ. కారులో ఎత్తుకుపోయి పెళ్లి చేసుకోబోతే, తల మీద తెల్లగుడ్డ కప్పనివ్వక ప్రాణం పోగొట్టుకున్న పిల్ల. మా దగ్గర ఆ గుడ్డ నెత్తిన పడితే పెళ్లికి ఒప్పుకున్నట్టే. అందుకే బొమ్మలో జుట్టు నడుము దాకా విరబోసుకుని ఉంది. కింద ‘నేను ఒప్పుకోలేదు’ అని రాసి ఉంది. మర్నాడు ఎవరో పెద్దలొస్తున్నారని, బొమ్మ కనబడకూడదని పై అధికారుల హుకుం.

నా తొందర నాది. మనవరాలు మీరిమ్ చీకటి పడేవేళకు కుట్టుపని నుంచి వస్తుంది. మగపిల్లాడిలా చెవుల దాకా కత్తిరించుకున్న జుట్టు, ఎవరికీ జడవని నోరు. అయినా ఈమధ్య ఒక నల్లకారు దాని వెంట తిరుగుతోంది. అందుకే రోజూ నేనే వెళ్లి తెచ్చుకుంటున్నాను.

నిచ్చెన ఎక్కుతుంటే ఎదురింటి కిటికీలోంచి సైరాకన్ అక్క అరిచింది.

"ఒమురాలీ, నెత్తిన మొదలుపెడతావేంట్రా? కాళ్ల దగ్గర్నుంచి వెయ్యి!"

"పైనుంచి వెయ్యకపోతే రంగు కారి పాడవుతుందక్కా."

"మొండిఘటమా! ఆ పిల్లకి నీ చేత్తో గుడ్డ కప్పుతున్నావురా."

"అయితే పెళ్లి విందుకి నిన్నే ముందు పిలుస్తాలే. కిటికీ వేసుకో, పొగొస్తుంది."

ఆమె నవ్వలేదు. కిటికీ వేసేసుకుంది.

రోలరు జుట్టు మీద నడిపాను. నుదుటి దాకా తెలుపు వచ్చింది. అచ్చం గుడ్డలాగే ఉంది. పచ్చిరంగు వాసనలో తడిసిన ఉన్ని వాసన కలిసింది. గోడ వెచ్చగా తగిలింది. ఇంత చలిలో...

"తియ్యి..."

ఎవరూ లేరు. నేను మళ్లీ రోలరు ఆనించాను. గోడ లోపలి నుంచి ఎవరో దాన్ని పట్టుకున్నారు. వదల్లేదు.

కింద పడ్డట్టే దిగాను. తలెత్తి చూస్తే, జుట్టు నల్లగా ఉంది. పొడిగా ఉంది. తెలుపు లేదు. నేల మీద ఒక్క చుక్కా లేదు...

కుట్టుపని చోటికి పరుగెత్తాను. తలుపుకి తాళం. వీధిలో కారు లేదు. ఇంటికి పరుగెత్తాను.

లోపల దీపం వెయ్యలేదు. కిటికీ దగ్గర మీరిమ్, అటు తిరిగి కూర్చుంది. నా ప్రాణం కుదుటపడింది.

"వచ్చేశావా తల్లీ?"

"వచ్చాను తాతా."

తల మీద తెల్లగుడ్డ. అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆ గుడ్డెక్కడిదే?"

"నువ్వేగా కప్పావు..."

అప్పుడే తలుపు తట్టారు. బయట మగవాళ్ల గొంతులు, మెత్తగా, మర్యాదగా.

"పెద్దాయనా, తప్పు మన్నించండి. మీ మీరిమ్ మా ఇంట్లో ఉంది. గుడ్డ కప్పుకుంది."

కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల చెయ్యెత్తి నెమ్మదిగా గుడ్డ లాగేసింది.

జుట్టు జారింది. నల్లగా, పొడిగా... నడుము దాకా.