రికార్డుల్లో లేని లైను

ఇబ్రహీంపట్నంలో మరియదాసును కరెంటు టవర్ మీద నుంచి తోసేసి పదకొండు నెలలైంది. తోసినవాడు విదేశీ గూఢచారి హార్గన్. ఆ పేరు తలచుకోకుండా ఏజెంట్ అంతోని ఒక్క పూట కూడా అన్నం తినలేదు. మరియదాసు అతని సొంత అన్న, కరెంటాఫీసు ఇంజనీరు.

బెంజ్ సర్కిల్ దగ్గర టైర్ల కొట్టు మేడమీద, గూఢచారి శాఖ చీఫ్ వెంకటకృష్ణారావు ఫైలు తెరిచారు.

"కంకిపాడు లాకులకి రెండు కరెంటు లైన్లు ఉండాలన్నాడు మీ అన్న. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుందని. సలహాదారు వేషంలో వచ్చిన హార్గన్ రెండోది దండగ ఖర్చన్నాడు. పైవాళ్ళు తలూపారు."

"అన్న ఊపలేదు. అందుకే చంపాడు."

"ఇవాళ నాలుగింటికి ఆ ఒక్క లైనూ పేల్చేస్తాడట. ఏ టవరో తెలీదు. నాలుగుంబావుకి వరద లాకుల్ని తాకుతుంది. గేట్లు లేవకపోతే యాభై ఊళ్ళు నీళ్ళపాలు. వాణ్ణి ప్రాణాలతో పట్టుకురా."

"చూస్తానండీ." ప్రాణాలతో తేవాలన్న కోరిక అంతోనికి ఏ కోశానా లేదు.

మూడున్నరకు అతను లుంగీ కట్టి, చేపల గంపతో లాకుల దగ్గర దిగాడు. గేట్లు మెల్లగా లేస్తున్నాయి. నల్ల గాగుల్స్, స్లీవ్‌లెస్ బ్లౌజుతో ఒకావిడ గంపలోకి తొంగి చూసింది.

"ఏం చేప?"

"కొర్రమీను. పొలుసు తియ్యలేదు."

కోడ్ కలిసింది. గంగారత్నం! కొల్లేటి చేపల వ్యాపారుల ఆడపడుచు. జీతం హార్గన్ దగ్గర, విశ్వాసం చీఫ్ దగ్గర.

"లైన్ల మ్యాపు కావాలన్నాడండీ. ఆఫీసు మ్యాపే ఇచ్చాను," అంది.

అంతోని నవ్వాడు. లాకులు కట్టేటప్పుడు మరియదాసు వేరే సబ్‌స్టేషన్ నుంచి తాటిదుంగల మీద ఒక టెంపరరీ లైను వేయించాడు. పని అయ్యాక తీసెయ్యమని ఆర్డరొచ్చింది. మ్యాపులో 'తొలగించబడినది' అని రాశారు. తియ్యడానికి కూలి డబ్బులు మాత్రం శాంక్షన్ కాలేదు. లైను కరెంటుతో సహా అలాగే ఉండిపోయింది. ఆ ఆఫీసులో టెంపరరీ అంటే శాశ్వతమని హార్గన్‌కు ఎవరు చెబుతారు?

సరిగ్గా నాలుగింటికి దూరంగా ఢామ్మంది. మోటార్లు ఆగిపోయాయి. గేట్లు సగంలో నిలిచాయి. అంతోని ఒక్క దూకులో ప్యానెల్ దగ్గరికెళ్ళి, టెంపరరీ లైనుకు మార్చే తుప్పు పట్టిన హ్యాండిల్ రెండు చేతులా లాగాడు. అది కదల్లేదు.

"అన్నా!" అని అరిచి మళ్ళీ లాగాడు.

మోటార్లు గుర్రుమన్నాయి. నాలుగూ పద్నాలుగుకి గేట్లు పూర్తిగా లేచాయి. మరుక్షణం వరద వాటి కిందుగా దూసుకుపోయింది.

దిగువన లాంచీలో హార్గన్ వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, గేట్లు లేచింది చూడకుండానే విజయవార్త పంపడానికి ఇరవై అడుగుల ఇనప ఏరియల్ నిలబెడుతున్నాడు. కాలువ మీద టెంపరరీ లైను కిందికి వేలాడుతోంది. ఆ చోట ఏ పడవవాడైనా తెరచాప కొయ్య దించుకుంటాడు.

అంతోని పిస్తోలు తీశాడు. మళ్ళీ గంపలో పడేశాడు. తీగ ముట్టుకునే ముందు, కరెంటు ఆపారా అని లైన్‌మన్లు సబ్‌స్టేషన్‌ను అడిగే మాట ఒకటుంది. అన్న ఆ మాట అడగనిదే నిచ్చెన ఎక్కేవాడు కాదు.

"హార్గన్! లైన్ క్లియర్ తీసుకున్నావా?"

"ఇక్కడ లైనే లేదు, మ్యాపు చూసుకో!" అని హార్గన్ వెక్కిరించాడు.

ఏరియల్ కొన తీగకు తగిలి నీలం మెరుపు మెరిసింది. లాంచీ ఒంటరిగా కొట్టుకుపోయింది. పదకొండు నెలల తర్వాత అంతోనికి ఆకలేసింది.

"ప్రాణాలతో తెమ్మన్నాను కదయ్యా!" అన్నారు ఆ రాత్రి చీఫ్.

"లేని లైను తగిలి పోయాడండీ. రిపోర్టులో ఎలా రాయాలో మీరే చెప్పండి."