పొయ్యి లేని బంగళాలో ఆవిరి

దుమ్ముగూడెం దాటాక గోదారి గట్టున ఉన్న దొరసాని బంగళా వైపు చీకటి పడితే ఎవరూ పోరు. లోపల నీళ్లు కాగే చప్పుడు వస్తుందట... పొయ్యే లేని ఇంట్లో! ఎప్పుడో జ్వరంతో పోయిన తెల్ల దొరసాని ఇంకా టీ కాచుకుంటోందని అంటారు. చచ్చినా టీ మానలేదా అని నేను నవ్వేవాణ్ణి. ఫ్లోరెన్స్ చెప్పాక నవ్వు మానేశాను.

ఫ్లోరెన్స్‌ది మా చర్చే. ఆ బంగళా తాళంచెవి, ఊడ్చే పని తరతరాలుగా వాళ్లింటివే. వానాకాలం చెమ్మకి అతుక్కుపోయిన పాటల పుస్తకాలకి కెటిల్ ఆవిరి పట్టి, చిరక్కుండా పేజీలు విడదీసే పనితనం కూడా వాళ్లింటిదే.

మొన్న వానల్లో ఖమ్మం నుంచి స్తుతి అనే లెక్చరర్ వచ్చి, అక్కడి ఇనప్పెట్టె తెరిపించింది. అందులో దొరసాని నోటుబుక్కు దొరికింది. ఎక్కడో ఎడారి మఠంలో ఆవిడ వెయ్యేళ్లు పైబడిన సువార్త ప్రతిని కనిపెట్టిన సంగతి అందులో ఉందట. మర్నాడు పేపర్లో స్తుతి ఫోటో. నాకే కాస్త కుళ్లు పుట్టింది, అబద్ధమెందుకు.

ఫ్లోరెన్స్‌కైతే కడుపు రగిలిపోయింది.

"ముప్పై ఏండ్లు ఆ పెట్టె దుమ్ము తుడిచింది నేను. పేరు దానికా?" అంది మొగుడితో.

"నీకు ఇంగ్లీషు చదవనొస్తదా ఏంది?" అన్నాడు సంసోను, అన్నం కలుపుకుంటూ.

ఆ రాత్రే తాళంచెవి తీసుకుని బయల్దేరింది. నోటుబుక్కు బల్ల మీదే ఉంది. పేజీలన్నీ అతుక్కుపోయాయి... మొదటిది తప్ప. దాన్నిండా గొలుసుకట్టు ఇంగ్లీషు. మొదటి పేజీ లేకపోతే అది ఎవరి పుస్తకమో స్తుతి ఎలా చెబుతుందో చూద్దామని, పర్రున చింపేసింది.

అప్పుడు వినపడింది — సుయ్‌మని.

గదిలో ఆవిరి. ఆ ఆవిరిలోంచి ఒక చెయ్యి... గాజులు గలగలమన్నాయి... కాగితం కోసం చాచింది.

"ఇయ్యి బిడ్డా..."

దొరసాని తన పుస్తకం కోసం వచ్చిందనుకుంది ఫ్లోరెన్స్. గట్టు దాకా పరుగెత్తి, కాగితాన్ని గోదాట్లోకి విసిరేసింది. వరద మీదున్న నీళ్లు దాన్ని క్షణంలో మింగేశాయి.

వారం తిరక్కుండా స్తుతి వాళ్లింటికే వచ్చింది.

"ఆంటీ, మీ లెక్కనే ఆవిరి పట్టి పేజీలన్నీ ఇప్పిన. ఆ సువార్తల అతుక్కపోయిన పేజీలు ఇప్పింది దొరసాని కాదంట. మఠానికి ఎంట తీస్కపోయిన ఆయా... కెటిల్ ఆవిరితోని! లోపలి రాత మొదలు సూసింది గూడ ఆమెనే. 'అసూయకొద్దీ నా పేరే వేసుకున్నాను, ఆమె పేరు మొదటి పేజీలో రాశాను' అని దొరసాని రాసింది. నేనప్పుడు దాని పై నాలుగు లైన్లే సదివిన, ఇప్పుడా పేజీయే లేదు." గొంతు తగ్గించింది. "ఆ ఆయా మీ ఇంటి మనిషే గదా ఆంటీ? పేరేంది?"

ఫ్లోరెన్స్‌కి తెలీదు. ఇంట్లో అందరికీ ఆవిడ ఆయవ్వే. సమాధి మీద కూడా పేరు లేదు.

ఇదంతా నాతో చెప్పింది. తర్వాత గుసగుసగా అడిగింది.

"దొరసానులు గాజులు ఏస్కుంటరా, అన్నా?"