గుడివాడ బీచ్‌లో ఆదర్శ కుటుంబం

గుడివాడ బీచ్‌కి వేసవి రద్దీ మొదలైంది. పూర్వం సముద్రం చూడాలంటే మచిలీపట్నం వెళ్లేవారట. 2174లో మచిలీపట్నం చూడాలంటే సముద్రంలోకి దిగాలి. నీళ్లు తరుముకొస్తే జనం మూటాముల్లె సర్దుకుని వెనక్కి జరిగారు. ఇళ్లు మునిగాయని గుండెలు బాదుకున్నారు. కొత్త ఒడ్డు కాస్త కుదుటపడగానే దాని మీద మిరపకాయ బజ్జీల బళ్లు పెట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని సెలవలు గడపడానికి బయల్దేరారు. గుడివాడ బజ్జీలకి ఇప్పుడు మంచి పేరు.

సూర్యాపేట విజ్ఞాన నగరంలో ఉండే డాక్టర్ మార్కండేయులుకి ఈ జనాన్ని చూస్తే ఒళ్లు మండేది. ఆయనకి ఒళ్లు మండించని జనం ఎవరని అడిగితే చెప్పడం కష్టం. ఎండ ఎప్పుడు ముదురుతుందో, ఆటుపోట్లు ఎప్పుడో, పిల్లవాడికి కడుపులో తిప్పితే ఎక్కడ ఆపాలో చూసుకోకుండా, చంకలో బిడ్డని, చేతిలో పులిహోర డబ్బాని పట్టుకుని పరుగెత్తేవాళ్లంటే ఆయన లెక్కలో ప్రయోగం చెడగొట్టిన విద్యార్థులతో సమానం. అలాంటి దద్దమ్మల్ని ఉద్ధరించడానికే పూర్వదర్శిని కనిపెట్టానని సభల్లో చెప్పేవాడు. దద్దమ్మలు చప్పట్లు కొట్టేవారు.

పూర్వదర్శిని పనిచేసే తీరు వినడానికి తేలికే. ముందు ఇంటిల్లిపాదికీ తలకి మెత్తటి టోపీలాంటి స్కానర్ తొడుగుతారు. అది మెదడులోని న్యూరాన్ల అల్లికని చదివి, ఒక్కొక్కరికీ కంప్యూటర్‌లో ఒక నకలు తయారు చేస్తుంది. దానికి మార్కండేయులు పెట్టిన పేరు మనోబింబం. బింబమంటే ఫోటోలా ఊరుకునేది కాదు. ఆకలేస్తే చిరాకు పడుతుంది, ఇసుక కళ్లలో పడితే ఏడుస్తుంది, కిటికీ పక్క సీటు కోసం తమ్ముణ్ణి గిల్లుతుంది. ఈ బింబాలన్నిటినీ ఊహాక్షేత్రం అనే సిమ్యులేటర్‌లో వదిలి ఒక ప్రణాళిక ఇస్తే, మనం కాఫీ తాగేలోపు యాత్ర మొత్తం జరిగిపోతుంది. ఆఖర్న ఎవరెంత సంతోషంగా ఇల్లు చేరారో మెదడు రసాయనాల లెక్క చూసి నూటికి ఇన్ని మార్కులని యంత్రం చెబుతుంది. మార్కులు తక్కువొస్తే హోటలో, తిండో, బయల్దేరే వేళో మార్చి మళ్లీ నడిపించుకోవచ్చు.

మొదటి నమూనా మాత్రం అభాసుపాలైంది. ఎక్కడికి వెళ్దామని అడిగితే తెలుగు కుటుంబాల బింబాలన్నీ "నాదేముంది, మీ ఇష్టం" అన్నాయి. యంత్రం అమాయకంగా ఆ మాట నమ్మింది. తీరా తీసుకెళ్లాక ఒక్కొక్క బింబం మూతి ముడుచుకుని "అసలు నన్నెవరడిగారు?" అని కూర్చుంది. మార్కండేయులు దగ్గర పనిచేసే డాక్టర్ రోహిణి నెలల తరబడి కష్టపడి, మీ ఇష్టం అన్న ప్రతి మనిషి కడుపులోనూ ఒక మొండి ఇష్టం ఉంటుందనీ, దాన్ని వెతికి పట్టుకోవాలనీ యంత్రానికి నేర్పింది. పేపర్లో మార్కండేయులు ఫోటో పడింది.

ఇంత గొప్పవాడికి ఇంట్లో పరువు లేదు. క్రితం వేసవిలో భార్య నీలవేణినీ, కూతురు ఉత్పలనీ, కొడుకు నకుల్‌నీ గుడివాడ తీసుకెళ్లాడు. పిల్లలు కాలి మీద తడి ఇసుక కప్పి, చేత్తో తట్టి, మెల్లగా కాలు లాగి పిచ్చుక గూళ్లు కట్టుకుంటున్నారు. ఆయన వాటి వాలు తప్పని తేల్చి, బొటనవేలితో పడగొట్టి, మళ్లీ కట్టమన్నాడు. మళ్లీ కడితే మళ్లీ పడగొట్టాడు. పిల్లలు ఏడుపు అందుకున్నారు, నీలవేణి వాళ్లని ఎత్తుకుని హోటల్‌కి వెళ్లిపోయింది. ఆయన ఒక్కడే నిలబడి సముద్రానికి గురుత్వాకర్షణ గురించి చెప్పుకున్నాడు.

ఈ ఏడు సెలవల మాట రాగానే నీలవేణి ముందే తేల్చేసింది.

"చూడండి, ఇదే ఆఖరు. ఈసారి కూడా పిల్లలు ఏడ్చుకుంటూ ఇంటికొస్తే ఇంక మీతో ఎక్కడికీ రాం. నేనూ రాను, వాళ్లనీ పంపను."

"ఏడిస్తే నా తప్పా? ఇసుక తడారితే ముప్పై నాలుగు డిగ్రీల వాలు దాటి నిలవదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నారా?"

"పాపకి ఆరేళ్లండీ. దానికి డిగ్రీలేం తెలుస్తాయి?"

"అందుకేగా చెప్పింది!"

పైకి అలా ఎగిరిపడ్డాడు గానీ లోపల బెంగ ఉంది. ఆ వేసవి నుంచి ఉత్పల తను గీసిన బొమ్మలు తండ్రికి చూపించడం మానేసింది. ఆయన గదిలోకి వస్తే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా ఆయనకి బాధ కలిగేది. బీచ్‌లో పాప తనంతట తను "నాన్నా" అని పరుగెత్తుకుని రావాలి, అంతకంటే ఆయనకి ఈ సెలవల్లో ఏమీ అక్కర్లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ల్యాబ్‌కి వెళ్లి తనతో సహా ఇంట్లోవాళ్ల బింబాల్ని యంత్రానికి ఎక్కించాడు.

మొదటి యాత్రకి పంతొమ్మిది మార్కులొచ్చాయి. హోటల్ మార్చాడు. ఎండ తగలని చల్లటి గుడారం పెట్టించాడు. పులిహోర వల్లే దాహమని తేల్చి మానిపించాడు. నకుల్‌కి వాంతులు కాకుండా రోడ్డు మలుపులన్నీ లెక్కేసి దారి మార్చాడు. ఆఖరికి కెరటాలు మరీ పెద్దవిగా ఉన్నాయని సముద్రాన్ని కూడా తిట్టాడు. ఎన్ని చేసినా మార్కులు ఇరవై దాటలేదు. పక్కింటి గుమాస్తా కుటుంబం ఏ ప్రణాళికా లేకుండా వెళ్లినా డెబ్బై పైన తెచ్చుకుంటుందని యంత్రం అడక్కుండానే చెప్పింది.

రోహిణి ఇక ఉండలేక నోరు విప్పింది.

"సార్, అన్నీ మార్చారు. ఎవరెవరు వెళ్తున్నారన్నది కూడా ఒకసారి మార్చి చూద్దామా?"

"పిల్లల్ని మానిపించి పిల్లల యాత్ర చేయమంటావా? నీకు పెళ్లీ పిల్లలూ ఉంటే ఇలాంటి సలహా ఇవ్వవు."

రోహిణి ఒక్కొక్కరినీ తప్పించి చూడమని యంత్రానికి ఆజ్ఞ ఇచ్చింది. కాసేపటికి పూర్వదర్శిని తన మర్యాదైన గొంతుతో పలికింది.

"ముగ్గురు వెళ్తే తొంభై ఒకటి వస్తుందండీ."

"అదీ! ఏ ముగ్గురు?" అన్నాడు మార్కండేయులు హుషారుగా.

యంత్రానికి ఆయన అన్నీ నేర్పాడు, మొహమాటం నేర్పలేదు.

"మీరు తప్ప మిగిలినవాళ్లండీ."

యంత్రం చెడిపోయిందన్నాడు. వైర్లు చూడమన్నాడు. వైర్లు బాగానే ఉన్నాయి. అయితే ఆ యాత్రేమిటో తెర మీద చూపించమన్నాడు. చూపించింది. అందులో ఒక్కటంటే ఒక్కటి సవ్యంగా జరగలేదు. దారిలో నకుల్ నీలవేణి చీర మీదే వాంతి చేసుకున్నాడు. హోటల్ గది దొరక్క బజ్జీల బండి వెనక కూర్చున్నారు. ఉత్పల చెప్పు ఒకటి కెరటం తీసుకుపోయింది. పైగా వాన పట్టుకుంది. ఆ తల్లీపిల్లలు ముగ్గురూ ఒక్క ప్లాస్టిక్ పట్టా కింద ముడుచుకుని, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు తన ఇంట్లో తను ఎన్నడూ వినలేదని మార్కండేయులుకి తెలిసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మరి మిగిలిన తొమ్మిది మార్కులూ ఏమైనట్టు?" అని రోహిణి యంత్రాన్ని అడిగింది.

"పాప గూడు కట్టినప్పుడల్లా వెనక్కి తిరిగి నాన్న కోసం చూస్తోందండీ. అవి అక్కడ పోతున్నాయి."

ఒక్క నిమిషం పాటు మార్కండేయులు మనిషిలాగే కనిపించాడు.

"అయితే సార్‌ని కూడా పంపి, ఆయన ఎవర్నీ ఏమీ సరిదిద్దకుండా ఉన్నట్టు నడిపించు," అంది రోహిణి.

"వచ్చి, ఊరికే ఇసుకలో వాళ్ల పక్కన కూర్చుంటే తొంభై ఎనిమిదండీ."

రోహిణి ఎగిరి గంతేసినంత పని చేసింది. "సార్, అయిపోయింది! ఇంత తేలికా! రెండు రోజులు మీరు కాస్త నోరు..." అని నాలుక కరుచుకుంది.

ఆ నిమిషం అక్కడితో ముగిసింది. మార్కండేయులు కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"నోరు మూసుకుని కూర్చోమంటావు. బీచ్‌లో గొడుగు పాతినట్టు నన్ను పాతేసి వాళ్లు ఆడుకుంటారా? దానికి నేనెందుకు, నా చొక్కా పంపిస్తే సరిపోదూ?"

"పాప చూస్తున్నది చొక్కా కోసం కాదు కద్సార్."

"నీకు తెలీదు. రీడింగ్ తప్పొస్తే లోపం పరికరంలో ఉండాలి, లేదా శాంపిల్‌లో ఉండాలి. పరికరం నేను చేసింది. కాబట్టి శాంపిల్ బాగాలేదు."

పాతికేళ్లుగా ఆయన ల్యాబ్‌లో ఇదే పద్ధతి. సిద్ధాంతానికి ఒప్పుకోని శాంపిల్‌ని కడిగో, వేడి చేసో, పారేసో దారికి తెచ్చేవాడు. ఇప్పుడు భార్యాపిల్లల బింబాల్ని తెరిచి బల్ల మీద పరిచాడు. నీలవేణి బింబంలో ఎదురు చెప్పే గుణాన్ని తగ్గించాడు. నకుల్ బింబంలో అల్లరి తీసేశాడు. ఉత్పల బింబంలో వినయం పెంచాడు, ఏడుపు తుడిచేశాడు.

"సార్, బింబాన్ని మారిస్తే ఇక అది పాప కాదు," అంది రోహిణి.

"దోషం తీసేసిన పాప," అన్నాడాయన.

తను ఒక మాట తగ్గించుకుంటే సరిపోయేదానికి ముగ్గురు మనుషుల్ని తిరగరాయడం ఆయనకి శ్రమ అనిపించలేదు. యాత్ర నడిపిస్తే నూటికి నూరొచ్చింది. పూర్వదర్శిని పుట్టాక అలాంటి మార్కు రావడం అదే మొదలు. ఆయన రోహిణికి మిఠాయి కూడా ఇచ్చాడు. ఆమె దాన్ని బల్ల మీదే వదిలి తన గదిలోకి వెళ్లిపోయింది.

అయితే ఇంట్లో ఉన్న అసలు మనుషులు మాత్రం మారలేదు. బతికున్న మెదడుని ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఆయన ఏం చేసి ఉండేవాడో చెప్పక్కర్లేదు. రెండు రోజులు ఆలోచించి దారి కనిపెట్టాడు. ఊహాక్షేత్రాన్ని పరీక్షించడానికి ల్యాబ్‌లో అనుభవ పీఠం అనే కుర్చీ ఉంది. అందులో కూర్చున్న మనిషికి యాత్ర నిజంగా జరుగుతున్నట్టే ఉంటుంది. ఉప్పుగాలి కూడా తగులుతుంది.

"నాకు ల్యాబ్‌లో పని పడింది. మీరు ముగ్గురూ వెళ్లి రండి," అన్నాడు ఇంట్లో.

"అయ్యో, మీరు రారా?" అంది నీలవేణి. ఆ అయ్యోలో విచారం పాలు తక్కువ. వెంటనే పులిహోరకి చింతపండు నానబెట్టింది.

ఉత్పల మాత్రం బకెట్టు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడిపోయింది. "నాన్న నిజంగా రాడా అమ్మా?" అని అడిగింది. మార్కండేయులు గడియారం చూసుకుని, వేళ దాటితే ఎండెక్కుతుందని వాళ్లని కారెక్కించాడు. కారు వీధి మలుపు తిరగ్గానే ల్యాబ్‌కి నడిచాడు.

కుర్చీలో కూర్చుని టోపీ తొడుక్కోగానే గుడివాడ బీచ్ ప్రత్యక్షమైంది. ఆయన బీచ్‌లో జనం లేరు, బజ్జీల వాసన లేదు. కెరటాలు వరస తప్పకుండా వస్తున్నాయి. నీలవేణి గుడారంలో కూర్చుని "మీరు చెప్పాక తిరుగేముందండీ" అంటోంది. నకుల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దూరం నుంచి ఉత్పల "నాన్నా!" అంటూ పరుగెత్తుకుంటూ వచ్చింది.

ఆయన మోకాళ్ల మీద కూలబడి చేతులు చాచాడు. ఏడాది నుంచి కోరుకున్నది జరిగింది. కళ్లమ్మట నీళ్లు బొటబొటా కారాయి.

"వాలు సరిగ్గా ఉందా నాన్నా?" అంది పాప, తను కట్టిన గూడు చూపిస్తూ.

"రెండు డిగ్రీలు ఎక్కువైందమ్మా."

పాప చప్పట్లు కొట్టింది. "నీకెన్ని తెలుసు నాన్నా! పడగొట్టు, మళ్లీ కడతాను."

ఆయన పడగొట్టాడు. పాప మళ్లీ కట్టింది. ఆయన గాలి గురించీ, ఉప్పు గురించీ, చంద్రుడి గురించీ చెప్పాడు. ముగ్గురూ నోరు తెరుచుకుని విన్నారు. తనకి ఎలాంటి కుటుంబం ఉండాల్సిందో ఆయనకి ఇన్నాళ్లకి దొరికింది. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆటుపోట్ల మీద మరో పాఠం మొదలుపెట్టబోతుండగా చెవిలో ఫోన్ మోగింది.

"నాన్నా! నేను, ఉత్పలని!"

ఫోన్‌లో గాలి హోరు. ఎవరో బజ్జీలు, బజ్జీలని అరుస్తున్నారు. ముక్కు చీదుకుంటూ, రొప్పుతూ మాట్లాడుతోంది పిల్ల.

"నాన్నా, నీళ్లలో నుంచుంటే కాళ్ల కింద ఇసుక జారిపోతోంది! కితకితలు పెడుతోంది! తమ్ముడు భయపడుతున్నాడు, నేను భయపళ్లేదు. అమ్మ ఫోన్ చేస్తే వస్తావంది. పని అయిపోయిందా? కారులో వచ్చెయ్యవా?"

మార్కండేయులు చిరాగ్గా మొహం ముడిచాడు. ఇసుక ఎందుకు జారుతుందో అడగాలన్న జ్ఞానం లేదు, గుక్క తిప్పుకోకుండా ఒకటే వాగుడు. ఒళ్లో ఉన్న పాప మాత్రం ఆయన పాఠం ఆగిపోయిందని చేతులు కట్టుకుని ఎదురు చూస్తోంది.

"ఇప్పుడు కాదమ్మా, తర్వాత మాట్లాడు," అన్నాడు. "నాకు తీరిక లేదు. పాపతో ఆడుకుంటున్నాను."

"ఏ పాపతో, నాన్నా?" అంది ఉత్పల.