పసుపు గీత

"మా నాన్నని మీరే కాపాడాలండీ!" అంటూ వచ్చిన అమ్మాయి, డిటెక్టివ్ బల్ల మీద చిన్న హార్డ్ డిస్కునూ దాని వైరునూ పెట్టింది.

నెల క్రితం ఓ అపార్టుమెంటులో లిఫ్టు తాడు తెగి ఇద్దరు చనిపోయారు. తాడు అరిగిందని ముందే హెచ్చరించలేదంటూ, తనిఖీ చేసిన ఆమె తండ్రిని జైల్లో పెట్టారు. ఆయన హెచ్చరించాడు. తాడు ఫొటోలూ, మార్చమని రాసిన ఉత్తరం నకలూ ఈ డిస్కులోనే ఉన్నాయి. రేపు పదకొండింటికి విచారణ.

"నిన్న పొద్దున తెరిచానండీ. సరిగ్గా చూసేలోపే మా మేనమామా, ఆ అపార్టుమెంటు మేనేజరూ ఇద్దరూ పలకరించడానికి వచ్చారు. టీ పెట్టుకొచ్చి వాళ్ళని పంపించాక చూస్తే లైటు వెలుగుతోంది, కంప్యూటర్ మాత్రం గుర్తుపట్టట్లేదు. ఆ లిఫ్టు రిపేర్ల కాంట్రాక్టు మావయ్యదే. పాపం, రోజూ వచ్చి ధైర్యం చెప్తున్నాడు."

"డిస్క్ చచ్చిపోయినట్టుంది సార్," అన్నాడు అసిస్టెంట్.

"లైటు వెలుగుతోందిగా, అప్పుడే పాడె కట్టకు," అన్నాడు డిటెక్టివ్. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలిసింది అంతంతమాత్రమే. కళ్ళు మాత్రం ఊరుకోవు. "ఈ డిస్కు అంచున పసుపు రంగేంటమ్మా?"

"నాన్న అలవాటండీ. ఏది బిగించినా రెండు ముక్కల మీదుగా ఒకే గీత గీస్తారు. గీత తప్పితే వదులైనట్టు లెక్క. మా ఇంట్లో కుళాయిలనీ వదల్లేదు!"

డిటెక్టివ్ వైరు కొసను వెలుతురులో తిప్పి చూశాడు. ఎక్కడా రంగు లేదు.

సాయంత్రం డిటెక్టివ్ పిలిపిస్తే అందరూ ఆమె ఇంట్లో చేరారు. మేనేజరు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. మేనమామ వస్తూనే నేల మీది వంకర మేకు ఏరి జేబులో వేసుకుని, తన వైరుతో ఫోను చార్జింగుకి పెట్టాడు.

"ఏదీ పారేయరనుకుంటా?" అన్నాడు డిటెక్టివ్.

"పారేయడం మా ఇంటావంటా లేదండీ!"

"అయితే మీ వైరు ఒక్క నిమిషం ఇవ్వండి."

మేనమామ కదలకపోతే డిటెక్టివే వైరు ఊడదీశాడు. వైరు కొసన సగం పసుపు గీత ఉంది. డిస్కుకి పెట్టగానే రెండు సగాలూ కలిశాయి. కంప్యూటర్‌లో డిస్క్ తెరుచుకుంది.

"డిస్క్ మాయమైతే దొంగను వెతుకుతారు. పాడైతే ఎవరూ వెతకరు," అన్నాడు డిటెక్టివ్. "అందుకే ఈమె టీ పెట్టడానికి వెళ్ళినప్పుడు మీ చార్జింగ్ వైరు ఇక్కడ పెట్టారు. దాంట్లో కరెంటు వస్తుంది, ఫైళ్ళు రావు. అక్కడితో ఆగి అసలు వైరు చెత్తబుట్టలో వేసుంటే నేను ఓడిపోయేవాణ్ణి. మంచి వైరు పారేయడానికి మీకు చేతులు రాలేదు."

"అబ్బ, ఎలా పట్టారు సార్!" అన్నాడు అసిస్టెంట్.

తెర మీద ఉత్తరం నకలు వచ్చింది. అడుగున మేనమామ చేతిరాత, సంతకం: 'అందింది. తాడు ఇంకో ఆర్నెల్లు పనికొస్తుంది.' తేదీ చూస్తే ప్రమాదానికి మూడు వారాల ముందుది.

మేనేజరు లేచి పోలీసులకు ఫోన్ చేశాడు.

అమ్మాయి ఏడవలేదు. "నాన్న అక్కడ కటిక నేల మీద పడుకుంటున్నాడు మావయ్యా," అంది. "నువ్వు రోజూ వచ్చి, నా చేత టీ పెట్టించుకుని తాగావు."